విండోస్, లినక్స్ కలిసిన ప్రాజెక్టులో లైన్ ఎండింగ్స్: ఒక్క వరుస మారిస్తే గిట్ ఫైలంతా మారినట్టు ఎందుకు చూపుతోంది?

పానగల్లు, నల్లగొండ

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ధర్మకాంటా దగ్గర లారీల తూకాన్ని నమోదు చేసి చీటీ ముద్రించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను మేము ముగ్గురం కలిసి రాస్తున్నాము. నేను నల్లగొండలో ఉబుంటు లినక్స్ మీద పని చేస్తాను. మహబూబ్‌నగర్‌లో ఉండే మిత్రుడు విండోస్ వాడతారు. మూడో ఆయన మిల్లు దగ్గరే ఉంటారు కాబట్టి, కాంటాకు కలిపి ఉన్న విండోస్ కంప్యూటర్ మీదనే నోట్‌ప్యాడ్‌లో సవరణలు చేసి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి పంపుతారు. లెక్కలన్నీ చేరే సర్వరు మాత్రం లినక్స్ మీద నడుస్తుంది.

కొంతకాలంగా నాలుగు రకాల ఇబ్బందులు ఒకేసారి ఎదురవుతున్నాయి. ధాన్యంలో తేమను బట్టి తరుగు లెక్కించే ఫైలులో మిత్రుడు ఒక్క షరతు మారిస్తే, పాత ఫైలు మొత్తం తీసేసి మళ్లీ మొత్తం రాసినట్టు, మార్పులు చూపే డిఫ్‌లో కనబడుతోంది. నిజంగా మారింది ఏదో కంటితో వెతుక్కోవలసి వస్తోంది. విండోస్ యంత్రం నుంచి సర్వరుకు కాపీ చేసిన షెల్ స్క్రిప్టును నడిపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అంటూ, అలాంటి ఫైలే లేదన్న సందేశం వస్తోంది, కానీ దాన్ని నడిపే బ్యాష్ ప్రోగ్రాము ఉండవలసిన చోటే ఉంది. చీటీ నమూనా ఫైలును నేను నా ల్యాప్‌టాప్‌లో సవరించి పంపిన తర్వాత, మిల్లులోని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద అక్షరాలు మెట్లు మెట్లుగా కుడి పక్కకు జరుగుతూ పడుతున్నాయి. ఇక రైతులకు ఇచ్చే సూచనలు తెలుగులో ఉన్న ఒక ఫైలు, విండోస్‌లో కొత్తగా క్లోన్ (పూర్తి నకలు) చేసినప్పుడు మధ్యలో నుంచి ఏవేవో లిపుల అక్షరాలుగా మారిపోతోంది.

వెతికితే, లైన్ ఎండింగ్స్‌ను, అంటే వరుస ముగింపు గుర్తులను, గిట్ తనంతట తాను మార్చాలా అని చెప్పే కోర్.ఆటోసీఆర్ఎల్ఎఫ్ అమరికను ఒకరు ట్రూ అని పెట్టమంటున్నారు, ఇంకొకరు ఇన్‌పుట్ అంటున్నారు, మరొకరు ఫాల్స్ తప్ప వేరే దారి లేదంటున్నారు. వీటిలో ఏది సరైనది? అన్ని ఫైళ్లనూ ఒకేసారి సరిచేస్తే, ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి వరుసా ఆ రోజే రాసినట్టు కనబడుతుందేమోనన్నది నా రెండో సందేహం. తరుగు దగ్గర మిల్లువారికీ రైతుకూ మాట వచ్చినప్పుడు, ఏ షరతు ఎప్పుడు ఎవరు మార్చారో చూపించడానికి మాకు ఆ చరిత్రే ఆధారం, దానిని పోగొట్టుకోలేము.

కోయిల్‌సాగర్

ముగ్గురూ ఫాల్స్ పెట్టుకొని, ఎడిటర్లలో ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి వరుస ముగింపు) ఎంచుకోండి. గిట్ ఫైళ్లను ముట్టుకోకుండా ఉంటే ఏ గొడవా ఉండదు. మేము అలాగే నెట్టుకొస్తున్నాము.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

కోయిల్‌సాగర్ గారి సలహా, ఆ ముగ్గురూ ఎప్పటికీ ఆ ముగ్గురే అయి, ఎవరూ కంప్యూటర్ మార్చకుండా ఉన్నంతకాలం పని చేస్తుంది. మిల్లులో కంప్యూటర్ పాడై కొత్తది వచ్చి, అందులో ఎవరో గిట్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజున అది నిలవదు, ఎందుకంటే గిట్ ఫర్ విండోస్ ఇన్‌స్టాలరు ఈ ప్రశ్నను అడిగే పేజీలో ముందే ఎంపికై ఉండే జవాబు ట్రూ. చాలామంది ఆ పేజీని చదవకుండా నెక్స్ట్ నొక్కుతారు. కాబట్టి పానగల్లు గారు అడిగిన మూడింటిలో ఏది అన్నదానికి నా జవాబు: ఏదీ కాదు. ఈ నియమం మనుషుల యంత్రాల్లో కాకుండా, ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే రిపాజిటరీలోనే ఉండాలి.

ముందుగా జరుగుతున్నదేమిటో చెబుతాను. వరుస ముగిసిందని తెలపడానికి, అక్షరాలకు సంఖ్యలిచ్చే యాస్కీ పట్టికలో రెండు సంకేతాలు ఉన్నాయి: క్యారేజ్ రిటర్న్ (సీఆర్), దాని సంఖ్య 13, లైన్ ఫీడ్ (ఎల్ఎఫ్), దాని సంఖ్య 10. టెలిప్రింటర్ కాలంలో మొదటిది ముద్రించే భాగాన్ని ఎడమ అంచుకు తెచ్చేది, రెండోది కాగితాన్ని ఒక వరుస పైకి జరిపేది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం, దాని బాటలో ఎంఎస్-డాస్, ఆపై విండోస్ ఈ రెండింటినీ జంటగా (సీఆర్ఎల్ఎఫ్) ఉంచుకున్నాయి. యూనిక్స్ ఒక్క 10తో సరిపెట్టుకుంది, లినక్స్‌కు అదే వచ్చింది. పాత మ్యాక్‌లు 13ను మాత్రమే వాడేవి గానీ, మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చిన తర్వాత అవి కూడా 10కి మారాయి.

గిట్ వరుసలను పోల్చేటప్పుడు బైట్లనే చూస్తుంది. ప్రతి వరుస చివరా ఒక 13 అదనంగా చేరితే ప్రతి వరుసా మారినట్టే లెక్క. మీ మొదటి ఇబ్బంది అదే. రెండోది కూడా ఆ 13 పనే. స్క్రిప్టు మొదటి వరుసలో ఏ ఇంటర్‌ప్రిటర్‌ను పిలవాలో చదివే లినక్స్ కెర్నల్, వరుస 10 దగ్గర ముగుస్తుందని మాత్రమే అనుకుంటుంది. దాని ముందున్న 13ను పేరులో భాగంగా తీసుకొని, "బ్యాష్" తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉన్న ఫైలు కోసం వెతుకుతుంది. అలాంటి ఫైలు నిజంగానే లేదు కాబట్టి సందేశం అబద్ధం చెప్పడం లేదు. విండోస్ యంత్రం మీద డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూట) తయారుచేసి, అందులోకి ఇలాంటి స్క్రిప్టు కాపీ అయినప్పుడు కూడా కంటెయినరు ఇదే మాట చెప్పి ఆగిపోతుంది. షెల్‌లోకి చదివించే ఎన్విరాన్‌మెంట్ ఫైళ్లు ఇంకా ప్రమాదకరం: పాస్‌వర్డ్ చివర 13 అతుక్కొని ఉంటుంది, దోష సందేశం మాత్రం పాస్‌వర్డ్ తప్పని వస్తుంది, మనం డేటాబేసును అనుమానిస్తూ కూర్చుంటాము.

ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో ముందు కొలవండి. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిషు అక్షరాల్లోనే ఇవ్వాలి.

గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --ఈఓఎల్

2016లో గిట్ 2.8తో వచ్చిన ఈ ఆదేశం ప్రతి ఫైలుకూ మూడు సంగతులు చూపుతుంది: ఇండెక్సులో (గిట్ లోపల ఉన్న రూపంలో) ఏ ఎండింగ్ ఉంది, మీ వర్కింగ్ డైరెక్టరీలో (డిస్కు మీద మీరు సవరించే ఫైళ్లలో) ఏది ఉంది, దానికి ఏ యాట్రిబ్యూట్ (నియమం) వర్తిస్తోంది. ఇండెక్సు వైపు "మిక్స్‌డ్" అని కనబడిన ఫైళ్లు ఇద్దరు ముగ్గురు వేర్వేరు అమరికలతో రాసినవని తెలుసుకోవచ్చు.

తర్వాత రిపాజిటరీ మొదటి డైరెక్టరీలో .గిట్‌యాట్రిబ్యూట్స్ అనే ఫైలు పెట్టి, అందులో ఇలా రాయండి:

* టెక్స్ట్=ఆటో
*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్
*.బ్యాట్ టెక్స్ట్ ఈఓఎల్=సీఆర్ఎల్ఎఫ్
*.పీఎన్‌జీ బైనరీ

మొదటి వరుస, టెక్స్ట్ అని గిట్ గుర్తించిన ఫైళ్లన్నీ రిపాజిటరీ లోపల ఎల్ఎఫ్‌తోనే ఉండాలని చెబుతుంది. షెల్ స్క్రిప్టు ఏ యంత్రం మీద చెకవుట్ చేసినా, అంటే గిట్ నుంచి డిస్కు మీదికి తెచ్చినా, ఎల్ఎఫ్‌తోనే వస్తుంది. బ్యాచ్ ఫైలుకు సీఆర్ఎల్ఎఫ్ ఎందుకంటే, ఒట్టి ఎల్ఎఫ్ ఉన్న బ్యాచ్ ఫైళ్లలో గోటూ, కాల్ వెతికే లేబుళ్లు కొన్నిసార్లు విండోస్‌కు దొరకవు. ఈ ఫైలులోని మాటకు, ఎవరి సొంత ఆటోసీఆర్ఎల్ఎఫ్ అమరిక కన్నా ఎక్కువ విలువ ఉంటుంది. టెక్స్ట్ యాట్రిబ్యూట్, కోర్.ఈఓఎల్ అనేవి 2010లో గిట్ 1.7.2తోనే వచ్చాయి, అయినా ఆటోసీఆర్ఎల్ఎఫ్ సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఒక్క ఆటో వరుస రాసినంత మాత్రాన పాత ఫైళ్లు సర్దుకోవు. ఇప్పటికే సీఆర్ఎల్ఎఫ్‌తో లోపలికి చేరిన ఫైలును గిట్ అలాగే వదిలేస్తుంది. అందుకని అందరి పనీ కమిట్ అయి (గిట్ చరిత్రలో నమోదై) ఉన్న సమయం చూసి,

గిట్ యాడ్ --రీనార్మలైజ్ .

అని ఇచ్చి, వచ్చిన మార్పులను వేరే కమిట్‌గా చేయండి. 2018లో వచ్చిన గిట్ 2.16 నుంచి ఇది ఉంది. ఆ కమిట్‌లో కోడ్ మార్పు ఒక్కటి కూడా కలపవద్దు. గిట్ డిఫ్‌కు --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ అన్న ఐచ్ఛికం ఇచ్చి చూస్తే అది ఖాళీగా కనబడాలి. ఏదైనా మిగిలి కనబడితే, ఎండింగ్ కాకుండా వేరే ఏదో మారిందని అర్థం.

చరిత్ర సంగతికి వస్తే, మీ భయం సహేతుకమే గానీ దానికి మందు ఉంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, బ్లేమ్ కొన్ని కమిట్‌లను దాటి వెనక్కి చూడగలదు. ఆ కమిట్ హ్యాష్‌ను (దాని గుర్తింపు సంఖ్యను) .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైలులో రాసి, బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ అమరికలో ఆ పేరు ఇస్తే, తరుగు షరతు పక్కన దానిని నిజంగా రాసినవారి పేరే వస్తుంది. గిట్‌హబ్ కూడా ఆ పేరుతో ఉన్న ఫైలును తనంతట తానే గౌరవిస్తుంది. పాత గిట్ ఉన్నచోట బ్లేమ్‌కు -డబ్ల్యూ ఇచ్చినా దాదాపు అదే ఫలితం వస్తుంది.

దేవరకొండ

పిల్లలమర్రి గారితో చాలావరకు ఏకీభవిస్తూనే, మొదటి వరుస విషయంలో విభేదిస్తున్నాను. ఒట్టి టెక్స్ట్=ఆటో రాస్తే రిపాజిటరీ లోపల శుభ్రంగా ఉంటుంది, కానీ విండోస్‌లో చెకవుట్ చేసిన ఫైళ్లు సీఆర్ఎల్ఎఫ్‌తోనే దిగుతాయి; ఆటోసీఆర్ఎల్ఎఫ్ ఫాల్స్ అని పెట్టుకున్నవారికి కూడా దిగుతాయి, ఎందుకంటే అప్పుడు కోర్.ఈఓఎల్ విలువ నేటివ్ (ఆ యంత్రం సొంత పద్ధతి) అవుతుంది. మీ సర్వరుకు స్క్రిప్టు గిట్ ద్వారా వెళ్లలేదు, విండోస్ యంత్రం నుంచి నేరుగా కాపీ అయ్యిందని ప్రశ్నలోనే ఉంది. డాకర్ కూడా అంతే, వర్కింగ్ డైరెక్టరీలో ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుంటుంది. ఎస్‌హెచ్ అన్న పొడిగింపు లేని స్క్రిప్టు, పైథాన్ స్క్రిప్టు, ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఇవన్నీ పై నాలుగు వరుసల్లోని ఎల్ఎఫ్ నియమానికి పట్టుబడవు. కనుక,

* టెక్స్ట్=ఆటో ఈఓఎల్=ఎల్ఎఫ్

అని రాసి, సీఆర్ఎల్ఎఫ్ తప్పనిసరి అయిన వాటిని మాత్రమే మినహాయించండి. విండోస్‌లో ఎల్ఎఫ్ ఫైళ్లు తెరవడం కష్టమన్న మాట ఒకప్పుడు నిజం. నోట్‌ప్యాడ్‌లో వరుసలన్నీ ఒకే తాడులా కలిసిపోయి కనబడేవి. 2018లో విండోస్ 10 వెర్షన్ 1809తో వచ్చిన నోట్‌ప్యాడ్ నుంచి ఆ బాధ లేదు. మిల్లు దగ్గరి కంప్యూటర్‌లో అంతకన్నా పాత విండోస్ ఉంటే మాత్రం, ఆయనకు వేరే ఎడిటర్ పెట్టి ఇవ్వడం మేలు. పల్లెల్లోని కాంటాల దగ్గర పాత యంత్రాలు ఇంకా చాలానే నడుస్తున్నాయి కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

నేను గిట్‌కు ముందున్న సబ్‌వర్షన్ రోజుల నుంచి ఈ పని చేస్తున్నాను. అక్కడ ఒక్కో ఫైలుకూ ఎస్‌వీఎన్:ఈఓఎల్-స్టైల్ అనే లక్షణం పెట్టి, నేటివ్, ఎల్ఎఫ్, సీఆర్ఎల్ఎఫ్, సీఆర్‌లలో ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చేది. ఆ లక్షణాన్ని కొత్త ఫైళ్లకు వాటంతటవే తగిలించే నియమాలు చాలాకాలం ఒక్కొక్కరి కంప్యూటర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో ఉండేవి, ఎవరో ఒకరు వాటిని పెట్టుకోవడం మరిచేవారు. 2013లో 1.8 వెర్షన్ వచ్చాక గానీ వాటిని రిపాజిటరీలోని డైరెక్టరీకే తగిలించే వీలు కలగలేదు. గిట్ లాంటిదే అయిన మెర్క్యురియల్‌లోనూ .హెచ్‌జీఈఓఎల్ అనే ఫైలు ప్రాజెక్టుతో పాటే ప్రయాణిస్తుంది. అన్ని వ్యవస్థలూ చివరకు చేరింది ఇక్కడికే అయినప్పుడు, గిట్ వాడేవారు మాత్రం ఇంకా ఒకరి సెట్టింగు ఇంకొకరు అడిగి తెలుసుకోవడం నాకు వింతగా తోస్తుంది.

డిండి

చీటీ ఫైలు, తెలుగు ఫైలు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఈ రెండింటి విషయంలో పై సలహాలను యథాతథంగా పాటిస్తే మేలు కన్నా కీడు ఎక్కువ.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, పిల్లలమర్రి గారు చెప్పిన టెలిప్రింటరుకు దగ్గరి బంధువు. కొన్ని ప్రింటర్లు, ముఖ్యంగా ఐబీఎం ప్రోప్రింటర్ పద్ధతిలో అమర్చినవి, 10 అందితే కాగితాన్ని జరుపుతాయే తప్ప హెడ్‌ను ఎడమకు తీసుకురావు. దానికి 13 వేరుగా పంపాలి. ఉబుంటులో సవరించినప్పుడు కొత్త వరుసల నుంచి 13 ఎగిరిపోయింది, అందుకే మెట్లు. ఇంతవరకు ఈఓఎల్=సీఆర్ఎల్ఎఫ్ అని రాస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ చీటీ నమూనాలో అక్షరాలతో పాటు ప్రింటరు ఆదేశాలు కూడా ముడి బైట్లుగా ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి. ప్రింటర్లకు ఆదేశాలిచ్చే ఈఎస్‌సీ/పీ భాషలో పేజీ పొడవును వరుసల్లో చెప్పడానికి ఎస్కేప్ బైటు, దాని తర్వాత సీ అక్షరం, దాని తర్వాత వరుసల సంఖ్య ఒక బైటుగా పంపుతారు. చీటీ పది వరుసలదైతే ఆ మూడో బైటు విలువ 10, అంటే లైన్ ఫీడ్ సంకేతమే. గిట్‌కు అది వరుస ముగింపులాగే కనబడుతుంది, చెకవుట్ చేసేటప్పుడు దాని ముందు ఒక 13 చేరుస్తుంది. ప్రింటరు పేజీ పొడవు 13 వరుసలని అర్థం చేసుకొని, మిగిలిపోయిన 10ని చూసి కాగితాన్ని ఒక వరుస జరుపుతుంది. ఒక్కో చీటీకి చింపే గీత కొంచెం కొంచెం కిందికి తప్పుతూ పోతుంటే ఎవరైనా ముందు కాగితాన్నే తిట్టుకుంటారు.

ఇలాంటి ఫైలుకు ఒకటే దారి:

*.పీఆర్ఎన్ -టెక్స్ట్ వైట్‌స్పేస్=సీఆర్-ఎట్-ఈఓఎల్

మైనస్ టెక్స్ట్ అంటే ఒక్క బైటును కూడా మార్చవద్దని. బైనరీ అని రాయకపోవడానికి కారణం, అలా రాస్తే డిఫ్ కూడా చూపదు. చీటీ మీద ఏ మాట మారిందో మనకు కనబడాలి. రెండో భాగం, ప్రతి వరుస చివరి 13ను డిఫ్‌లో తప్పుగా ఎత్తిచూపకుండా ఆపుతుంది. అయితే మీ ఎడిటర్ ఎల్ఎఫ్ వరుసలు చొప్పించడాన్ని గిట్ ఇక ఆపదు కాబట్టి, ఎడిటర్లకు నియమాలు చెప్పే .ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలులో ఆ పొడిగింపుకు ఎండ్_ఆఫ్_లైన్ విలువ సీఆర్ఎల్ఎఫ్ అని కూడా రాయండి.

తెలుగు ఫైలులో జరిగింది దీనికి తమ్ముడి వంటిదే. నోట్‌ప్యాడ్ పాత రూపాల్లో సేవ్ చేసేటప్పుడు "యూనికోడ్" అని ఎంచుకుంటే అది యూటీఎఫ్-16గా నిలిచేది. యూటీఎఫ్-16లో ప్రతి తెలుగు అక్షరానికీ రెండు బైట్లు. తెలుగు లిపికి యూనికోడ్ కేటాయించిన పట్టిక 0సీ00 దగ్గర మొదలవుతుంది, అందులో "ఊ" స్థానం 0సీ0ఏ. చివరి బైటు 0ఏ, అంటే పదహారు ఆధారంగా రాసే లెక్కలో మన 10. "ఊరు" అని రాసిన ప్రతిచోటా, అది వరుస మధ్యలో ఉన్నా సరే, గిట్‌కు ఒక వరుస ముగింపు కనబడుతుంది. అసలైన వరుస ముగింపులు సరేసరి. ఎవరైనా *.టీఎక్స్‌టీ టెక్స్ట్ అని బలవంతంగా రాసి ఉంటే, విండోస్‌లో చెకవుట్ సమయంలో 13 చేరి, అక్కడి నుంచి బైట్లన్నీ ఒకటి పక్కకు జరిగి జతలు తప్పుతాయి. తెలుగు పోయి ఏవేవో లిపులు వచ్చేది అందుకే. మీ రిపాజిటరీలో ఎక్కడో ఆ వరుస ఉండే ఉంటుంది, చూడండి. ఒట్టి ఆటో ఉంటే ఇలా జరగదు, ఎందుకంటే యూటీఎఫ్-16లో ఖాళీకీ వరుస ముగింపుకూ సున్నా బైటు వస్తుంది, అది చూసి గిట్ ఫైలును బైనరీగా భావించి వదిలేస్తుంది.

ఆ ఫైలును యూటీఎఫ్-8లోకి మార్చేయండి. అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, కానీ ఆ మూడింటిలో ఏదీ 10 గానీ 13 గానీ కాలేదు. యూటీఎఫ్-16లోనే ఉంచక తప్పని ఫైలు అయితే, 2018లో గిట్ 2.18తో వచ్చిన వర్కింగ్-ట్రీ-ఎన్‌కోడింగ్ అనే యాట్రిబ్యూట్ ఉంది. దాన్ని తప్పనిసరి అయితే తప్ప వాడవద్దన్నది నా అభిప్రాయం, ఎందుకంటే రిపాజిటరీని చదివే ప్రతి సాధనమూ దాన్ని పట్టించుకోదు.

పానగల్లు, నల్లగొండ

అందరికీ ధన్యవాదాలు. డిండి గారు అనుమానించినట్టే *.టీఎక్స్‌టీ టెక్స్ట్ అన్న వరుస ఒక ఉప డైరెక్టరీలోని .గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ఉంది. చీటీ నమూనాను హెక్స్ వ్యూయర్‌లో తెరిచి చూస్తే పేజీ పొడవు ఆదేశం కూడా అందులోనే ఉంది, అయితే మా చీటీ వరుసలు పది కన్నా ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఎదురుకాలేదు. దానికి మైనస్ టెక్స్ట్ పెట్టాను. మిగతా వాటికి దేవరకొండ గారి వరుసనే తీసుకున్నాను. కొత్త బ్రాంచిలో (మెయిన్ అనే ప్రధాన శాఖకు పక్కన తీసిన శాఖలో) రీనార్మలైజ్ చేసి చూస్తే, ఎండింగ్స్ పక్కన పెట్టిన డిఫ్ ఖాళీగానే వచ్చింది.

దీన్ని మెయిన్‌లో కలిపే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. మిత్రుడి దగ్గర తేమ శాతం మీద పని సాగుతున్న ఒక బ్రాంచి ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడు మెయిన్ మారితే అతనికి ప్రతి ఫైలులో కాన్‌ఫ్లిక్ట్ (ఏ రూపం ఉంచాలో గిట్ తేల్చుకోలేని చిక్కు) వస్తుందా? అతను ఒకే ఫోల్డరును విండోస్ గిట్‌తోనూ, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లోని ఉబుంటు గిట్‌తోనూ తెరుస్తారు. ఒక వైపు ఏ మార్పూ లేదని, రెండో వైపు అన్ని ఫైళ్లూ మారాయని కనబడుతోంది. ఇది కూడా పోతుందా?

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

ముందు నా మొదటి వరుస గురించి: ఫైళ్లు గిట్ వెలుపల కాపీ అవుతున్న మీ పరిస్థితికి దేవరకొండ గారి రూపమే తగినది.

బ్రాంచి విషయంలో, మామూలుగా మెర్జ్ చేస్తే కాన్‌ఫ్లిక్టులు కుప్పలుగా వస్తాయి. మిత్రుడు తన బ్రాంచిలో ఉండి,

గిట్ మెర్జ్ -ఎక్స్ రీనార్మలైజ్ మెయిన్

అని ఇస్తే, పోల్చే ముందు గిట్ మూడు రూపాలనూ ఒకే ఎండింగ్‌కు తెచ్చుకుంటుంది, నిజంగా తేడా ఉన్న వరుసలే మిగులుతాయి. ఆయన పని ఒకటి రెండు రోజుల్లో ముగిసేదైతే, అది కలిసేదాకా ఆగడం ఇంకా తేలిక.

డబ్ల్యూఎస్ఎల్ సంగతి: విండోస్ గిట్, ఉబుంటు గిట్ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు, వేటి గ్లోబల్ అమరికలు వాటివి. ఒక వైపు ట్రూ, మరో వైపు ఏమీ లేకపోతే మీరు చెప్పినట్టే కనబడుతుంది. ఈఓఎల్=ఎల్ఎఫ్ మెయిన్‌లోకి వచ్చాక రెండూ ఒకే మాట మీద ఉంటాయి, కానీ డిస్కు మీద ఇప్పటికే సీఆర్ఎల్ఎఫ్‌తో ఉన్న ఫైళ్లు వాటంతటవి మారవు. చేతిలో కమిట్ కాని పని ఏదీ లేదని చూసుకొని కొత్తగా క్లోన్ చేయడమే సులువు. ఆ తర్వాత కూడా ఉబుంటు వైపు కొన్ని ఫైళ్లు మారినట్టు చూపితే, అది లైన్ ఎండింగ్ కాదు, ఎగ్జిక్యూట్ అనుమతి బిట్టు తేడా. ఆ క్లోన్‌లో కోర్.ఫైల్‌మోడ్‌ను ఫాల్స్ చేయండి.

ఇంకొక్క జాగ్రత్త. బ్రాంచిని మెయిన్‌లో కలిపేటప్పుడు స్క్వాష్ (కమిట్‌లన్నిటినీ ఒకటిగా చేసే) బటన్ నొక్కితే రీనార్మలైజ్ కమిట్‌కు కొత్త హ్యాష్ వస్తుంది, మీరు ముందే .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్‌లో రాసుకున్నది దేనికీ కొరగాకుండా పోతుంది. ముందు కలపండి, మెయిన్‌లో పడిన హ్యాష్‌ను పూర్తి 40 అక్షరాలతో కాపీ చేసి, ఆ ఫైలును వేరే కమిట్‌గా తర్వాత చేర్చండి.